జవాబు రాలేదంటే పని జరగలేదనా?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మా అక్కనే మైకు ముందు కూర్చోబెట్టాను. పన్నెండేళ్లుగా సర్వర్ వైపు కోడ్ రాస్తోంది. నేనేమో మొబైల్ యాప్‌ల వైపు. అంటే రిక్వెస్ట్, అదే ఏదో కావాలని అడిగే సందేశం, పంపేది నేను, రెస్పాన్స్, అదే దానికి జవాబు, ఇచ్చేది తను. అక్కా, ఈ మాట ఎత్తగానే అందరూ హోటల్ పోలికే చెప్తారు కదా. మనం ఆర్డర్ చెప్తాం, సర్వర్ లోపలికెళ్లి తెచ్చి పెడతాడు.

అక్క: మొదటి రోజుకి అది చాలురా. కానీ హోటల్లో సర్వర్ మన కళ్లముందే తిరుగుతుంటాడు. ఆలస్యమైతే "బాబూ, మా దోసె ఏమైంది?" అని పిలిచి అడగొచ్చు. నెట్‌వర్క్‌లో ఆ వీలుండదు. నాకైతే రిజిస్టర్ పోస్టు గుర్తొస్తుంది. తాతయ్య పొలం కాగితాల గురించి ఉత్తరం పంపితే, దానికి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జత చేసేవాడు, గుర్తుందా?

తమ్ముడు: ఆ కార్డు కోసం రోజూ అరుగు మీద కూర్చునేవాడు.

అక్క: అదే. కార్డు రాలేదనుకో. ఉత్తరం దారిలో పోయిందా? చేరింది గానీ ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదా? సంతకం కూడా అయిపోయి, కార్డు తిరిగొస్తూ పోయిందా? అరుగు మీద కూర్చున్న మనిషికి మూడూ ఒకటే. క్లయింట్, అంటే రిక్వెస్ట్ పంపే యాప్, దాని పరిస్థితి కూడా సరిగ్గా అదే. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క విషయమే.

తమ్ముడు: దానికి ముందు, అసలు ఆ ఉత్తరంలో ఏముంటుందో ఒకసారి చూపిద్దాం.

అక్క: ల్యాప్‌టాప్ దగ్గరున్నవాళ్లు టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే విండో, తెరవండి. కర్ల్ (రిక్వెస్ట్ పంపి చూపించే చిన్న ప్రోగ్రామ్) అని కొట్టి, హైఫన్ వి పెట్టి, ఎగ్జాంపుల్ డాట్ కామ్ ఇవ్వండి. ముందు హెచ్‌టీటీపీతోనే చూడండి, చివర 'ఎస్' లేకుండా. వెబ్‌లో రిక్వెస్ట్, రెస్పాన్స్ ఎలా రాయాలో చెప్పే నియమాలే హెచ్‌టీటీపీ. కుడివైపు బాణం గుర్తుతో మనం పంపినవి కనిపిస్తాయి. మొదటి లైనులో గెట్, స్లాష్, హెచ్‌టీటీపీ 1.1. కింద హోస్ట్, యూజర్-ఏజెంట్, యాక్సెప్ట్, ఈ వివరాల లైన్లనే హెడర్లు అంటారు. ఆ తర్వాత ఒక ఖాళీ లైను. చాలామంది దాన్ని పట్టించుకోరు. "నా హెడర్లు అయిపోయాయి" అని సర్వర్‌కి చెప్పేది ఆ ఖాళీ లైనే. అక్కణ్ణుంచి బాణం ఎడమవైపు తిరుగుతుంది. 200, ఓకే, అంటే పని అయిందని చెప్పే స్టేటస్ కోడ్, మళ్లీ హెడర్లు, మళ్లీ ఖాళీ లైను, తర్వాత పేజీ.

తమ్ముడు: మొదట్నుంచీ ఇలాగే ఉండేదా?

అక్క: ఇంతకూడా ఉండేది కాదు. 1991లో సెర్న్ అనే యూరప్ పరిశోధనా సంస్థలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ రాసిపెట్టిన హెచ్‌టీటీపీ మొదటి రూపంలో రిక్వెస్ట్ అంటే ఒక్క లైను. గెట్ అని, పక్కన పేజీ చిరునామా. సర్వర్ పేజీ పంపేసి కనెక్షన్ మూసేసేది. హెడర్లు లేవు, స్టేటస్ కోడ్లు లేవు. తప్పు జరిగినా ఆ సంగతి ఒక మామూలు పేజీలాగే వచ్చేది, మనిషి చదువుకోవాలి, ప్రోగ్రామ్‌కి తెలిసే దారి లేదు. 1996లో హెచ్‌టీటీపీ 1.0ని 1945వ నంబరు ఆర్‌ఎఫ్‌సీగా, అంటే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంగా, ప్రచురించేనాటికి కోడ్లు, హెడర్లు వచ్చేశాయి. రెఫరర్ అనే హెడర్ స్పెల్లింగ్‌లో ఒక 'ఆర్' ఎగిరిపోయింది, అది కూడా అందులో అలాగే దిగిపోయింది. ఇప్పటికీ ఆ తప్పు స్పెల్లింగే రాయాలి.

తమ్ముడు: సరే, ఇప్పుడు ఆ బస్సు టికెట్ల సంగతి చెప్పు.

అక్క: చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట, సంక్రాంతికి ముందు వారం. లోడు విపరీతంగా ఉంది. మా సర్వర్ ముందు ఒక గేట్‌వే, అంటే రిక్వెస్ట్ అందుకుని లోపలికి పంపే ఇంకో సర్వర్, ఉండేది, జవాబు కోసం 30 సెకన్లు చూసి ఊరుకునేది. ఆ రాత్రి వెనకున్న సర్వర్ బుకింగ్ రాయడానికి 34 సెకన్లు తీసుకుంటోంది. 30 దాటగానే గేట్‌వే 504, అంటే వెనక నుంచి జవాబు సమయానికి రాలేదన్న కోడ్, ఇచ్చేసింది. యాప్‌లో "మళ్లీ ప్రయత్నించండి" అని వచ్చింది. ఇంకో నాలుగు సెకన్లకి వెనక బుకింగ్ పూర్తయింది, కానీ ఆ సంగతి చెప్పించుకునేవాళ్లే లేరు. మర్నాడు ఒకావిడ ఫోన్ చేసి, "నేనొక్కదాన్నే వెళ్తున్నానమ్మా, రెండు సీట్లకి డబ్బులు ఎందుకు తీసుకున్నారు?" అంది. లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, తీసి చూస్తే ఒకే నంబరు, ఒకే బస్సు, పక్కపక్క సీట్లు. ఆవిడ మేం చెప్పినట్టే చేసింది. తప్పు మాది.

తమ్ముడు: నా వైపు నుంచి అడుగుతాను. నొక్కగానే బటన్ పనిచేయకుండా ఆపేస్తే సరిపోదా?

అక్క: ఆపు, మంచిదే. కానీ ఆవిడ యాప్ మూసి తెరిస్తే? యాప్‌లో వాడుకున్న ఏదో రెడీమేడ్ కోడ్ లైబ్రరీ తనంతట తనే మళ్లీ పంపితే? సర్వర్ వైపు కాపలా ఉండాల్సిందే. చూడు, పనులు రెండు రకాలు. "తలుపు గడియ పెట్టు" అని నీకు రెండుసార్లు చెప్పినా గడియ ఒకటే. "కాఫీలో చెంచా పంచదార వెయ్యి" అని రెండుసార్లు చెప్తే ఆ కాఫీ తాగలేం. రిక్వెస్ట్ రకాల్లో గెట్, పుట్, డిలీట్ గడియ లాంటివి, హెచ్‌టీటీపీ నియమాల్లోనే అలా రాశారు. ఐడెంపొటెంట్ అంటారు. పోస్ట్ అనే రకం పంచదార లాంటిది. టికెట్ బుక్ చేయడం, డబ్బు పంపడం మామూలుగా పోస్టే.

తమ్ముడు: పంచదారని గడియగా మార్చాలన్నమాట.

అక్క: అవును. ప్రతి బుకింగ్‌కీ యాప్ ఒక గుర్తు తయారుచేసి హెడర్‌లో పంపుతుంది, ఐడెంపొటెన్సీ కీ అని. సర్వర్ ఆ కీని డేటాబేస్‌లో యూనిక్ కాలమ్‌లో, అంటే ఒకే విలువని రెండుసార్లు ఒప్పుకోని చోట, రాస్తుంది, బుకింగ్ రాసే ట్రాన్సాక్షన్‌లోనే, అంటే జరిగితే రెండూ జరుగుతాయి, లేదంటే రెండూ జరగవు. విడిగా రాస్తే మధ్యలో సర్వర్ పడిపోయినప్పుడు మళ్లీ మొదటికొస్తాం. అదే కీ రెండోసారి వస్తే కొత్త బుకింగ్ చేయదు, మొదటి జవాబునే తిరిగి ఇస్తుంది. మేం ఇది పెట్టాక అలాంటి ఫోన్ మళ్లీ రాలేదు.

తమ్ముడు: మరి ఎన్నిసార్లు మళ్లీ పంపొచ్చు?

అక్క: 400 వస్తే అస్సలు వద్దు, నువ్వు పంపిందే తప్పు, వందసార్లు పంపినా తప్పే. 503 (సర్వర్ ఇప్పుడు అందుకోలేదు), 429 (మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు పంపావు) వస్తే రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉందేమో చూడు, ఎంతసేపు ఆగాలో సర్వరే చెప్తుంది. అది లేకపోతే 1 సెకను, 2, 4, అలా పెంచుకుంటూ పో, దానికి కొంచెం యాదృచ్ఛికంగా అటూఇటూ కలుపు. లేకపోతే ఫోన్లన్నీ ఒకే క్షణంలో తిరిగొచ్చి, లేస్తున్న సర్వర్‌ని మళ్లీ పడగొడతాయి.

తమ్ముడు: మా యాప్‌లో ఇవన్నీ ఉన్నాయి. కీ కూడా పంపుతున్నాం.

అక్క: కీ ఎక్కడ పుడుతోంది?

తమ్ముడు: రిక్వెస్ట్ పంపే ఫంక్షన్‌లోనే.

అక్క: రిట్రై లూప్, అంటే జవాబు రాకపోతే మళ్లీ పంపే కోడ్, ఆ ఫంక్షన్‌ని మళ్లీ మళ్లీ పిలుస్తుందా?

తమ్ముడు: పిలుస్తుంది... అంటే ప్రతిసారీ కొత్త కీ పోతోంది.

అక్క: మనిషి ఒక్కసారే కొనాలనుకున్నాడు, కీ ఒక్కటే ఉండాలి. పేమెంట్ స్క్రీన్ తెరిచినప్పుడే తయారుచేసి ఫోన్‌లో దాచు, జవాబు ఖాయంగా అందేదాకా చెరపకు. యాప్ మూసి తెరిచినా అదే కీ వెళ్లాలి.

తమ్ముడు: రికార్డింగ్ ఆపేస్తున్నాను అక్కా, ముందు ఆ లైను మార్చాలి.