ఐదు ఎర్ర దీపాలు ఆరేలోగా

శ్రోతలకు నమస్కారం.

ఏటా మార్చి 9, 10 తేదీలు వచ్చాయంటే మా శ్రీకాకుళంలో తెల్లారకముందే ఆటోలు అరసవల్లి దారి పడతాయి. ఆ రోజుల్లో తొలి ఎండ గోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా వచ్చి గర్భగుడిలో సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతుంది. ఉండేది కొన్ని నిమిషాలే. దానికోసం జనం చీకట్లో వచ్చి నిలబడతారు. తూర్పున ఒక్క మబ్బు తునక అడ్డొచ్చిందా, ఇక అంతే. నేను మూడుసార్లు వెళ్తే రెండుసార్లు మబ్బే కనబడింది. అయినా మళ్లీ వెళ్తాను. పక్కవాళ్ల భుజాలు తగులుతుంటే, అందరం ఒకే వైపు చూస్తూ, మాటలు తగ్గిపోయి నిలబడే ఆ కాసేపు నాకు చాలా ఇష్టం.

ఈ ఏడాది ఆ ఎదురుచూపు నాకు ఒకరోజు ముందే మొదలవుతోంది. మార్చి 8, ఆదివారం, మన గడియారంలో ఉదయం తొమ్మిదిన్నరకి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఫార్ములా వన్ కారు పందేల 2026 సీజన్ తొలి రేసు. అక్కడ మధ్యాహ్నం మూడు. మనకి ఇడ్లీల వేళ. ఒక చెరువు చుట్టూ ఉన్న పార్కు రోడ్డు అది. మామూలు రోజుల్లో అక్కడి జనం తమ కార్లేసుకుని తిరిగే రోడ్డే. చుట్టు కొలత 5.278 కిలోమీటర్లు, 58 చుట్లు. మొత్తం కలిపితే శ్రీకాకుళం నుంచి దాదాపు రాజమండ్రి దాకా. వాన పడకపోతే గంటన్నరలోపు ముగిసిపోతుంది.

"తిరిగినచోటే తిరగడానికి అంత పెట్రోలెందుకురా, గానుగెద్దు తిరగదేటి?" అన్నారు మా నాన్న, మొదటిసారి చూసినప్పుడు.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు అన్నం క్యారేజీ పట్టుకుని డిపోకి వెళ్తే ఒక పని చేయడం చూసేవాణ్ణి. బస్సు వచ్చి ఆగగానే ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని, అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి రాసేవారు. ఒకవైపు రాస్తే నున్నగా, రెండోవైపు రాస్తే గరగరలాడుతూ తగిలిందంటే అలైన్‌మెంట్ పోయినట్టు. టేపు లేదు, మీటరు లేదు, అరచెయ్యే. నన్నూ రాసి చూడమనేవారు. నాకు ఎటు రాసినా నల్లరంగే అంటేది.

ఆయనకి ఈ పందెం మీద మనసు పడింది కూడా చక్రం వల్లే. మన కార్లకి చక్రాల మీద రేకు కప్పి ఉంటుంది. వీటికి ఉండదు. నాలుగు చక్రాలూ ఒంటికి ఎడంగా, బయటికి పొడుచుకొచ్చి, పందెం ఎడ్లబండి చక్రాల్లా పూర్తిగా కనబడతాయి. అందుకే వీటిని ఓపెన్ వీల్ కార్లంటారు. చక్రం ఎటు తిరుగుతోంది, ఎంత అదురుతోంది, బ్రేకు వేస్తే ఎక్కడ పట్టేసింది, అంతా బయటే ఉంది. డ్రైవరుకీ తన ముందు చక్రాలు కళ్లెదుటే కనిపిస్తాయి. ప్రమాదమూ అక్కడే. ఒకరి ముందు చక్రం ఇంకొకరి వెనక చక్రానికి తగిలిందంటే, ఆ తిరుగుడుకి వెనకనున్న కారు ఎక్కేసి గాల్లోకి లేస్తుంది. 2018 నుంచి డ్రైవరు తల మీద టైటానియం కమ్మీ ఒకటి పెట్టడం మొదలెట్టారు, హేలో అంటారు. పెట్టినప్పుడు చెప్పుపట్టీలా ఉందని వెక్కిరించాం. 2020లో బహ్రెయిన్‌లో ఫ్రాన్స్ డ్రైవరు గ్రోజాన్ కారు రెయిలింగులోకి దూసుకుపోయి, రెండు ముక్కలై, మంటల్లో కూరుకుపోయింది. మనిషి తన కాళ్లతో తాను బయటికొచ్చాడు. ఆ తర్వాత ఎవరూ వెక్కిరించలేదు.

మొన్న రథసప్తమి నాడు క్యూలో నిలబడి నాన్న అన్నమాట చెప్పాలి. సూర్యుడి రథానికి ఒక్కటే చక్రం, ఏడు గుర్రాలు, సారథి అనూరుడికి తొడలే లేవు. "ఈళ్లూ అంతేకదరా, కాళ్లు ఎక్కడున్నాయో కనపడవు" అన్నారు. నిజమే. ఆ కార్లలో కూర్చోరు, దాదాపు పడుకుంటారు. పాదాలు నడుముకంటే ఎత్తులో ఉంటాయి.

ఈ పిచ్చి నాకు అంటుకున్నది 2005లో. మార్చి 6, అదీ ఆదివారమే, అదీ మెల్‌బోర్నే. కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు పసుప్పచ్చ కారులో బరిలోకి దిగాడు. ఫార్ములా వన్ రేసులో మన దేశం నుంచి మొట్టమొదటివాడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్నేహితుడి గదిలో ఆరుగురం ఒక చిన్న టీవీ ముందు కూర్చున్నాం. కరెంటు రెండుసార్లు పోయింది. వచ్చినప్పుడల్లా తెర మీద పసుప్పచ్చ రంగు వెతుక్కున్నాం. నరేన్ పదిహేనోవాడిగా వచ్చాడు. మా గోల విని ఇంటి ఓనరు పైకొచ్చి, "గెలిచాడా?" అని అడిగారు. పదిహేనో స్థానం అని చెబితే ఆయన మొహం చూడాలి.

ఆ ఏడాదే అమెరికా రేసులో టైర్ల గొడవ వల్ల పద్నాలుగు కార్లు పందెం మొదలవకముందే పక్కకి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరింటిలో నరేన్ నాలుగోవాడు. ఐదు పాయింట్లు వచ్చాయి. ఆరుగురిలో నాలుగోవాడా అని నవ్వినవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి, పాయింట్లు పాయింట్లే.

ఆ మెల్‌బోర్న్ రేసులో మూడోవాడిగా వచ్చిన స్పెయిన్ కుర్రాడు ఫెర్నాండో అలొన్సో. ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. ఆ గదిలో ఉన్న ఆరుగురిలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, నాకు తల నెరిసింది. అలొన్సో 44 ఏళ్ల వయసులో మార్చి 8న అదే పార్కు రోడ్డు మీద మళ్లీ వరసలో నిలబడబోతున్నాడు. అదే వరసలో ఆర్విడ్ లిండ్‌బ్లాడ్ అనే పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఇది తొలి రేసు. బ్రిటన్ జెండాతో దిగుతున్నా, తల్లివైపు వాళ్లది మన దేశమే. అలొన్సో మొదటి రేసు నడిపేనాటికి ఈ పిల్లవాడు పుట్టనే లేదు.

ఇంతకీ ఈసారి నా టెన్షన్ వేరు. ఏటా సీజన్ ముందు మాలాంటి పాతకాపులం ఎవరు గెలుస్తారో చెప్పేసేవాళ్లం. నిరుడు ముందున్నవాడు ఈ ఏడూ ముందుంటాడు, చాలాసార్లు అదే జరిగేది. ఈసారి నోరు మెదపలేం. నియమాలు ఒక్కసారిగా మారిపోయాయి, కారు మారింది, ఇంజిన్ మారింది. కారు తయారుచేసినవాళ్లకే పూర్తిగా తెలియదు.

ఇంజిన్ సంగతి చూడండి. 1.6 లీటర్ల చిన్న ఇంజిను, దానికి గాలి ఎక్కువ ఎక్కించే టర్బో, దానికి తోడు ఒక కరెంటు మోటారు. నిరుటిదాకా ఆ మోటారు 120 కిలోవాట్ల బలం ఇచ్చేది. ఇప్పుడు 350. అంటే కారు బలంలో దాదాపు సగం కరెంటుదే. ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎక్కువ భాగం బ్రేకు వేసినప్పుడు పుడుతుంది. మలుపు దగ్గర వేగం తగ్గించినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది, తిన్నని దారిలో అది ఖర్చవుతుంది. చిక్కేమిటంటే బ్యాటరీ చిన్నది, మోటారు పెద్దది. పొడుగాటి దారిలో మధ్యలోనే అయిపోయిందా, వెనకవాడు బేగి దాటేస్తాడు. ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఎక్కడ దాచుకోవాలి అన్నది ప్రతి చుట్టులోనూ లెక్కే. సాయంత్రం ఐదింటికి ఫోన్‌లో పదిహేను శాతం చార్జింగ్ మిగిలి, ఇంటికెళ్లేదాకా ఎలా లాగాలా అని చూసుకుంటామే, ఆ లెక్క మూడొందల కిలోమీటర్ల వేగంలో.

పూర్తి కరెంటు కార్లను నేను దగ్గర్నుంచి ఒకసారి చూశాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లాను. అదీ ఓపెన్ వీలే. ఫ్రాన్స్ వాడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. శబ్దం మాత్రం మిక్సీలో కొబ్బరి పచ్చడి తిప్పినట్టుంది. చెవులకి సుఖమే గానీ, ఒళ్లు జలదరించలేదు.

రెక్కల మాటకొస్తే ఇంకా చిత్రం. ఈ కార్లకి ముందూ వెనకా రెక్కలుంటాయి. విమానం రెక్కకి తలకిందులు. అది పైకి లేపితే ఇది కిందికి అదుముతుంది. మలుపులో అదుము కావాలి, లేకపోతే జారిపోతుంది. తిన్నని దారిలో అదే రెక్క గాలికి అడ్డం. ఈ ఏడాది నుంచి తిన్నని దారి రాగానే ముందు రెక్కా వెనక రెక్కా రెండూ వాలతాయి, మలుపు రాగానే లేస్తాయి. మీలో ఎవరైనా టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లి గూడబాతులు చెట్టు మీద దిగడం చూశారా? వచ్చేటప్పుడు రెక్క బల్లపరుపుగా పెట్టుకుని కత్తిలా వస్తుంది. కొమ్మ దగ్గరయ్యాక రెక్కని ఒక్కసారి నిలువుగా లేపుతుంది. అంత పెద్ద పక్షీ అలా ఆగిపోతుంది. సరిగ్గా ఆ పనే ఇది.

కారు కాస్త చిక్కింది కూడా. వెడల్పు రెండు మీటర్ల నుంచి 1.9కి దిగింది, కనీస బరువు దాదాపు ముప్పై కిలోలు తగ్గింది. పెట్రోలు కూడా భూమిలోంచి తోడినది కాదు, వేరే పద్ధతుల్లో తయారుచేసినదే వాడాలి. జట్లు పది కాస్తా పదకొండయ్యాయి. అమెరికా నుంచి కాడిలాక్ కొత్తగా వచ్చింది, జర్మనీ ఆడి సంస్థ పాత సాబర్ జట్టుని తీసుకుంది. ఇరవై రెండు కార్లు.

మరి ఫిబ్రవరిలో బహ్రెయిన్‌లో టెస్టింగులు జరిగాయి కదా, అక్కడ తేలలేదా అని అడగొచ్చు. అక్కడి టైములు పేకాటలో ముక్కలు. ఎవరి ట్యాంకులో ఎంత పెట్రోలుందో ఎవరూ చెప్పరు. పది కిలోలు ఎక్కువుంటే చుట్టుకి సెకనులో మూడో వంతు పోతుంది. ట్యాంకు నింపుకుని నెమ్మదిగా తిరిగినవాడు అమాయకుడనుకోకండి.

అంత చిన్న తేడాలకి విలువుంటుందా? నిరుడు ఇరవై నాలుగు రేసులు జరిగాయి. అన్నీ అయ్యాక ఛాంపియన్ లాండో నోరిస్‌కి 423 పాయింట్లు, రెండోవాడు మాక్స్ వెర్‌స్టాపెన్‌కి 421. రెండు పాయింట్లు. ఒక రేసులో తొమ్మిదోవాడిగా వస్తే ఇచ్చేది అంత. తొమ్మిది నెలల పోరాటం ఆ రెండింటి దగ్గర తేలింది. టైర్లు మార్చడానికి రెండు సెకన్లకి ఒక అర సెకను ఎక్కువైతే మెకానిక్కులు తల పట్టుకునేది అందుకే. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు వాళ్లు నాలుగు చక్రాలూ 1.80 సెకన్లలో మార్చారు. ఆ వీడియో నాన్నకి చూపించాను. బస్సు చక్రం నట్టు ఊడదీయడానికి స్పానరుకి పైపు తొడిగి, దాని మీద ఎక్కి తొక్కిన మనిషాయన. "అయిపోనాదా? ఏదీ, మళ్లీ ఎయ్యి" అన్నారు. నాలుగుసార్లు వేయించుకున్నారు. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, "నట్టు ఒక్కటే, అందుకని" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, ఆ చక్రాలకి నడిమధ్యన ఒక్కటే నట్టు.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక మాట. ఎప్పుడూ చూడనివాళ్లు మొదలుపెట్టాలంటే ఇంతకంటే మంచి ఏడాది దొరకదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న నాకూ, ఆదివారం మొదటిసారి చూసే మీకూ తెలిసింది ఇంచుమించు సమానమే. రేసంతా చూడలేకపోతే మొదటి రెండు నిమిషాలు చూడండి.

ఆ రెండు నిమిషాల్లో ఏముంటుందంటే, కార్లు ఒక చుట్టు నెమ్మదిగా తిరిగొచ్చి, ఎవరి గీత మీద వాళ్లు ఆగుతాయి. పైన ఐదు జతల ఎర్ర దీపాలు. సెకనుకొకటి చొప్పున వెలుగుతాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదోది వెలిగాక ఎంతసేపు ఉంటాయో డ్రైవరుకి తెలియదు. అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి, అదే బయల్దేరమనడం. పచ్చ దీపం లేదు. స్టీరింగు వెనక వేళ్ల కింద క్లచ్చి మీట ఉంటుంది. దాన్ని కాస్త గట్టిగా వదిలితే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, మెల్లగా వదిలితే పక్కవాడు వెళ్లిపోతాడు. ఈసారి ఇంకో తంటా ఉంది. టర్బోని కరెంటుతో తిప్పి సిద్ధంగా ఉంచే పరికరం ఒకటి పాత ఇంజిన్లో ఉండేది, దాన్ని తీసేశారు. ఇంజిన్ పొగే టర్బోని తిప్పాలి. అంటే ఆగి ఉన్నప్పుడే ఇంజిన్ని గట్టిగా రేజ్ చేసి పట్టుకోవాలి. ఎవరి టర్బో అందుకుంటుందో, ఎవరిది మూలుగుతుందో ఆ దీపాలు ఆరాకే తెలిసేది. ఇరవై రెండు ఇంజిన్లు ఒకేసారి గొంతెత్తినప్పుడు ఫోన్ స్పీకరు బొంగురుపోతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

నాన్నకి ఇప్పుడు చూపు కొంచెం తగ్గింది. అయినా టైరుని దగ్గరగా చూపించినప్పుడు ఆయనే ముందు పట్టేస్తారు. నిరుడు ఒక రేసులో, "ముందర ఎడమది గరగరలాడుతోందిరా, పిలుస్తారు సూడు" అన్నారు. రబ్బరు చిన్న చిన్న ఉండలై టైరుకే అంటుకుంది. మూడు చుట్ల తర్వాత ఆ కారు టైర్లకని లోపలికొచ్చింది. వాళ్ల దగ్గర వందల సెన్సార్లున్నాయి. ఆయన దగ్గర అరచెయ్యి జ్ఞాపకం.

ఆదివారం ఉదయం అంతా సిద్ధం. సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి అరసవల్లికి ఆటో కూడా మాట్లాడేశాను. మబ్బు సంగతి మన చేతుల్లో లేదు. శనివారం రాత్రే ఫోన్ చార్జింగుకి పెట్టెయ్యమని నాన్న ఇప్పటికి రెండుసార్లు గుర్తుచేశారు.

నమస్కారం.