రెయిన్‌బో డాన్స్: రంగే నాట్యం చేసిన ఐదు నిమిషాలు

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయే లఘుచిత్రం నిడివి సుమారు ఐదు నిమిషాలు. న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన లెన్ లై 1936లో తీసిన ‘రెయిన్‌బో డాన్స్’ ఇది. ఇందులో కథ వెతకవద్దని ముందే మనవి చేస్తున్నాను. నర్తకుడు రూపర్ట్ డూన్ దేహం ఒకటి, దాని చుట్టూ పొంగిపొర్లే రంగులు, హుషారైన నాట్య సంగీతం మాత్రమే ఇందులో ఉన్నాయి.

వానలో గొడుగు పట్టుకున్న మనిషితో చిత్రం మొదలవుతుంది. అతని ముఖం మనకు ముఖ్యం కాదు, ఎందుకంటే కాసేపట్లోనే అతడు ముఖకవళికలు లేని నీడబొమ్మగా, ఆ నీడబొమ్మ కూడా క్షణక్షణం వర్ణం మార్చుకునే ఆకారంగా మారిపోతాడు. నన్ను కట్టిపడేసింది టెన్నిస్ ఆడే ఘట్టం. అతడు రాకెట్‌తో ముందుకు కదులుతుంటే, వెనుక వదిలివచ్చిన భంగిమలు చెరిగిపోకుండా వేర్వేరు రంగుల్లో అక్కడే నిలబడి ఉంటాయి. నాట్యం చూసేటప్పుడు ఒక అందమైన భంగిమ కంటికి అందేలోపే జారిపోతుందన్న బెంగ నాకు ఎప్పుడూ ఉంటుంది. ఆ జారిపోయే క్షణాన్ని రంగు పట్టి ఆపడం ఇక్కడే మొదటిసారి చూశాను.

ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. నర్తకుణ్ణి చిత్రీకరించింది నలుపు తెలుపు ఫిల్ము మీదే. హంగేరీకి చెందిన బేలా గాస్పర్ రూపొందించిన గాస్పర్‌కలర్ పద్ధతిలో ప్రింటుకు మూడు రంగుల పొరలుంటాయి, ఒక్కో పొరలో ఎంత రంగు మిగలాలో ఒక్కో నలుపు తెలుపు ప్రతి నిర్ణయిస్తుంది. మామూలుగా ఆ మూడు ప్రతులూ ఒకే దృశ్యానివై ఉంటాయి, మూడూ కలిసి సహజమైన రంగును ఇస్తాయి. లెన్ లై ఆ కట్టుబాటును వదిలేసి, ఒక పొరకు నర్తకుణ్ణి, మరో పొరకు ఇంకో ఆకృతిని అప్పగించాడు. అందుకే ఇక్కడి రంగు దేనికీ పైపూతలా అనిపించదు, కదలికలోంచే పుట్టినట్టు ఉంటుంది.

లోపం లేదని అనను. కొన్నిచోట్ల నేపథ్యంలోని ఆకృతులు మరీ కిక్కిరిసి, మనిషి కదలికను మింగేస్తాయి. చివర్లో వచ్చే పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు ప్రకటన కూడా, అప్పటిదాకా తేలిపోతున్న మనసును ఒక్కసారిగా నేలకు దించుతుంది. అయితే దీన్ని నిర్మించింది బ్రిటన్ తపాలా శాఖకు చెందిన జీపీవో ఫిల్మ్ యూనిట్. పొదుపు గురించి ప్రచారం చేయవలసిన సొమ్ముతో ఇంత స్వేచ్ఛగా ప్రయోగం చేయనిచ్చారంటే, ఆ ప్రకటనను నేను మనస్ఫూర్తిగా భరిస్తాను.

మొదటిసారి సంగీతంతో చూడండి, ఆ లయ మిమ్మల్ని లాక్కుపోతుంది. రెండోసారి శబ్దం పూర్తిగా ఆపి చూడండి, అప్పుడు ఏ రంగు ముందు వస్తోందో, ఏది ఆగి వెనుకబడుతోందో కన్నే లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: వెలిసిపోయిన కాపీలో చూడకండి. టెన్నిస్ ఘట్టంలో ఒక్కో నీడబొమ్మ రంగు విడిగా, స్పష్టంగా కనిపించకపోతే, ఆ కాపీని అక్కడే ఆపేసి మెరుగైన ప్రతి కోసం వెతకండి.