మిత్రిల్ కేసులో డ్వార్ఫ్‌లు నిర్దోషులు! బాల్‌రాగ్‌ని లేపింది ఎవరో తెలుసా?

అత్యాశ, అత్యాశ, అత్యాశ! ఇంకెన్నాళ్లు వినాలండీ ఈ పాట? టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ కథలో మిత్రిల్ అనే అరుదైన లోహం ఉంది కదా, దాని మీద ఏ వీడియో తెరిచినా అదే డైలాగ్. డ్వార్ఫ్‌లు, అంటే గనులు తవ్వే పొట్టి జాతి, ఆశకి పోయారు, మరీ లోతుకి తవ్వారు, కింద నిద్రపోతున్న బాల్‌రాగ్ అనే అగ్ని రాక్షసిని లేపారు, కొండల కింద వాళ్ల నగరం మోరియా నాశనం, శుభం కార్డు. వీడియో అయిపోయింది, లైక్ కొట్టేయండి!

నేను ఒప్పుకోను. బాల్‌రాగ్‌ని లేపింది డ్వార్ఫ్‌లు కాదు, ఆ కథలో అసలు విలన్ సౌరాన్. ఆ నేరం తీసుకెళ్లి గని కూలీల నెత్తిన పెట్టారు. ఇంకోసారి చెప్తా, కామెంట్లలో తిట్టేవాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకోండి. డ్వార్ఫ్‌లు కాదు, సౌరాన్!

ముందు అసలు ఈ అత్యాశ మాట ఎక్కడిది? గాండాల్ఫ్ అనే మాంత్రికుడి నోటి నుంచి వచ్చింది. సౌరాన్ ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరిన ఫెలోషిప్ బృందం మోరియా చీకట్లో కూర్చుని ఉంటే మిత్రిల్ గురించి ఆయన పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. రాగిలా సాగుతుంది, అద్దంలా మెరుస్తుంది, పదునుపెట్టిన ఉక్కు కంటే గట్టిది, అయినా తేలిక, వెండిలా నల్లబడదు. ఒకప్పుడు బంగారానికి పదింతల విలువ, ఇప్పుడు వెల కట్టేవాడే లేడు. అంతా చెప్పి ఆ ఊపులోనే, డ్వార్ఫ్‌లు మరీ ఆశగా మరీ లోతుకి తవ్వారు అనేస్తాడు. కానీ దానికి కాస్త ముందు ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ సంగతి మీద డ్వార్ఫ్‌లు నోరు విప్పరు అంటాడు. విన్నారా? నిందితుడు స్టేట్‌మెంటే ఇవ్వలేదు! పక్కనే గిమ్లీ కూర్చుని ఉన్నాడు, డ్వార్ఫ్ జాతి వాడు, ఆయన్ని ఒక్కరు అడగలేదు. అయినా తీర్పు వచ్చేసింది. అదే తీర్పుని మనం ఇన్నేళ్లుగా బట్టీపట్టి అప్పజెబుతున్నాం.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వద్దాం. కథ చదివి పుస్తకం మూసేసినవాళ్లకి ఇది దొరకదు. 1955లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడో సంపుటం చివర అనుబంధాలు ఉంటాయి. అందులో మోరియా రాజుల, అంటే డ్యూరిన్ వంశం చరిత్ర రాస్తూ, మిత్రిల్ ఏటేటా దొరకడం కష్టమైపోతోంది, దాని కోసం బరాజిన్‌బార్ కొండ అడుగుకి తవ్వుతూ పోయారు, అక్కడ దాక్కున్న బాల్‌రాగ్‌ని లేపారు అని ఉంటుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. దాని కిందే చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్ ఉంది. లేపారో, లేక చెర నుంచి విడిపించారో, బహుశా సౌరాన్ దుర్మార్గం వల్ల అది అప్పటికే మేలుకుని ఉండొచ్చు అని!

అప్పటికే మేలుకుని ఉండొచ్చు. అంటే డ్వార్ఫ్‌ల గునపం తగిలేసరికే అది కళ్లు తెరిచి కూర్చుందన్నమాట. టోల్కీన్ చేత్తో రాసుకున్న మాట ఇది, నా సొంత పైత్యం కాదు. "ఉండొచ్చు అన్నాడు కదా, కచ్చితంగా అనలేదు కదా" అని ఎవరో ఒకరు వస్తారు, నాకు తెలుసు. అయ్యా, ఆ "ఉండొచ్చు"కి తోడుగా తేదీలున్నాయి. వినండి.

ఆ కథలో ఏళ్లని యుగాల వారీగా లెక్కపెడతారు. బాల్‌రాగ్ బయటపడి మోరియా రాజు ఆరో డ్యూరిన్‌ని చంపింది మూడో యుగం 1980లో. ఆ అనుబంధాల్లోని కాలపట్టికలో ఆ సంవత్సరం ఎదురుగా ఇంకేం రాసి ఉందో చూశారా? సౌరాన్ సేవకుల నాయకుడు విచ్-కింగ్, సౌరాన్ దేశం మోర్డోర్‌కి వచ్చాడు, నాజ్‌గూల్ అనే ఆ సేవకులందరినీ అక్కడ పోగేశాడు. అదే సంవత్సరం! సౌరాన్ కుడిభుజం తూర్పున సైన్యాన్ని కూడగడుతున్న ఏడాదే, పడమటి కొండల కింద వేల ఏళ్లుగా చప్పుడు లేకుండా పడున్న రాక్షసి లేచి కూర్చుందంటే కాకతాళీయమా? ఆ రోజుల్లో సౌరాన్ ఎక్కడున్నాడు? డోల్ గుల్దూర్ అనే కోటలో. అంటే మోరియాకి తూర్పున, మధ్యలో ఎల్ఫ్‌లు అనే అమర జాతి ఉండే అడవి లోరియన్, ఆండ్విన్ నది, అవతల ఒడ్డున అడవిలో నక్కి ఉన్నాడు. ప్రపంచానికి అవతలి చివర కాదు, ఆ చుట్టుపక్కలే!

ఇక పాత పగ సంగతి. రెండో యుగం 1697లో సౌరాన్ మోరియా పక్కనే ఉన్న ఎల్ఫ్‌ల రాజ్యం ఎరేగియాన్‌ని నేలమట్టం చేశాడు, దాని నాయకుడు కెలెబ్రింబోర్‌ని చంపాడు. అప్పుడు వెనక నుంచి వచ్చి అతని సైన్యాన్ని కుమ్మింది ఎవరు? మోరియా డ్వార్ఫ్‌లు. కొట్టి, లోపలికి వెళ్లిపోయి, తలుపులు మూసుకున్నారు. సౌరాన్ ఆ తలుపు బద్దలుకొట్టలేకపోయాడు. అప్పటి నుంచి డ్వార్ఫ్ ఎక్కడ కనిపించినా వదలొద్దని తన రాక్షస మూక ఓర్క్‌లకి ఆర్డర్. బయటి నుంచి పగలని కోటని లోపలి నుంచి పగలగొట్టాలి, అంతే కదా? లోపల ఆల్రెడీ ఒక బాల్‌రాగ్ పడుకుని ఉంది.

ఇక్కడ తెలివైనవాళ్ల ప్రశ్న ఒకటుంది, దాన్ని నేను దాటేయను. సౌరాన్‌కి మిత్రిల్ పిచ్చి కదా, బాల్‌రాగ్‌ని లేపితే గనే మూతపడుతుంది కదా, ఓర్క్‌లు కూడా భయపడి అక్కడ తవ్వరు కదా, మరి అతనికేం లాభం? ఈ ప్రశ్న అడిగినవాళ్లకి దండం, మంచి ప్రశ్న. జవాబు ఇదిగో. గని మూతపడ్డాక సరుకు ఎవరి చేతిలో ఉంటే వాడే రాజు! అప్పటికే పైకి తీసిన మిత్రిల్‌ని దాదాపు మొత్తం ఓర్క్‌లు ఏరుకుని సౌరాన్‌కి కప్పం కట్టాయి, ఇదీ గాండాల్ఫ్ చెప్పిందే. కొత్త సరుకు రాదు, పాత సరుకంతా నీ దగ్గరే. శత్రువుకి ఇంకో కవచం పుట్టదు. ఇంకేం కావాలి? తర్వాత 2480 ప్రాంతంలో అదే మోరియాలో తన మూకని దింపాడు. ఖాళీ చేయించాడు, కబ్జా చేశాడు!

"సరే బ్రో, ఎవరు లేపినా డ్వార్ఫ్‌లకి ఆశ ఉన్న మాట నిజమే కదా?" ఉంది. ఆ ఆశకి నిప్పు రాజేసింది ఎవరు? డ్వార్ఫ్ రాజులకి దక్కిన ఏడు మాయా ఉంగరాలు! ఆ ఉంగరాలు డ్వార్ఫ్‌లని బానిసలు చేయలేకపోయాయి, వాళ్లు అంత మొండి ఘటాలు. అవి చేయగలిగింది ఒక్కటే, బంగారం మీద, విలువైన వాటి మీద మోజు పెంచడం. ఆ ఉంగరాల మీద ఎవరి చెయ్యి పడింది? మళ్లీ సౌరానే. ఎటు తిప్పినా వాడి గుమ్మం ముందుకే వస్తున్నాం!

ఇప్పుడు నా కడుపు మంట అసలు దేని మీదో చెప్తా. ఎల్ఫ్‌ల మీద. ఔను, ఫ్యాన్స్ ఏడ్చినా సరే! ఎరేగియాన్ అనే రాజ్యం ఎందుకు పుట్టింది? రెండో యుగం 750 ప్రాంతంలో, మోరియాలో మిత్రిల్ పడిందని తెలిసి నోల్డోర్ ఎల్ఫ్‌లు వచ్చి గని గుమ్మం పక్కనే ఊరు కట్టుకున్నారు. ఒక లోహం కోసం దేశం! దాంతో ఇథిల్‌దిన్ చేసుకున్నారు, మోరియా తలుపు మీద వెన్నెల్లో వెలిగే గీతలు అవే. ఎల్ఫ్ దొరసాని గలాడ్రియెల్ వేలికున్న నెన్యా ఉంగరం మిత్రిల్. పాత కథల నావికుడు ఎయరెండిల్ ఓడ మిత్రిల్‌తో కట్టారని బిల్బో అనే హాబిట్ (ఇంకో పొట్టి జాతి) పాటలో ఉంది. మనుషుల రాజ్యం గోండోర్ కోట కావలివాళ్ల శిరస్త్రాణాలు మిత్రిల్. వేసుకున్నవాళ్లంతా మహానుభావులు, తవ్వినవాడు మాత్రం అత్యాశపరుడు! తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ మిగతావాళ్లు పిడికెడు కాదు, చిటికెడు కూడా పంచుకోలేదు.

పైగా లోతుకి తవ్వడం అనేది నేరమా అండీ? ధాతువు ఉన్న పొర ఎటు పోతే తవ్వేవాడు అటే పోవాలి. మోరియా పొర ఉత్తరంగా కరాధ్రాస్ (అదే బరాజిన్‌బార్) కొండ కిందికి, చీకట్లోకి దిగిపోయింది. పైన అయిపోతే కింద తవ్వక ఇంకేం చేస్తారు?

ఇక సిరీస్ సంగతి. 2022లో ప్రైమ్‌లో వచ్చింది కదా, రింగ్స్ ఆఫ్ పవర్. మొదటి సీజన్‌లో మిత్రిల్‌కి కొత్త పుట్టుక కథ అల్లారు. కొండ మీద చెట్టు, అందులో దాగిన సిల్మరిల్ అనే వెలుగు మణి, ఎల్ఫ్ ఒకడు బాల్‌రాగ్‌తో కొట్లాడుతుంటే పిడుగు పడి ఆ వెలుగు వేళ్ల గుండా భూమిలోకి దిగి మిత్రిల్ అయిందట. సిరీస్‌లోని ఎల్ఫ్ ఎల్‌రాండ్ చేతే ఇది నమ్మదగ్గది కాదని అనిపించారు, మళ్లీ సీజన్ మొత్తం దాని మీదే నడిపారు. చాలామంది "పుస్తకంలో లేదు" అని గొడవ చేశారు. నా గొడవ అది కాదు. పుస్తకాలు కూడా మారాయి. 1937లో టోల్కీన్ నవల హాబిట్ మొదటిసారి వచ్చినప్పుడు బిల్బోకి దక్కిన కవచపు చొక్కా మిత్రిల్ కానే కాదు, వెండి పూత ఉక్కు లాంటిదేదో. 1966 కూర్పులో గానీ ఆ పేరు అక్కడికి రాలేదు. ఒక్క మాటతో టోల్కీన్ పని కానిచ్చేశాడు, ఇక్కడ ఒక పిడుగు, ఒక చెట్టు, ఒక సిల్మరిల్!

(ఆ చొక్కా ఖరీదు హాబిట్‌ల దేశం షైర్ మొత్తం కంటే ఎక్కువ. బిల్బో దాన్ని తీసుకెళ్లి మ్యూజియంలో పడేశాడు. గాండాల్ఫ్‌కి విలువ తెలుసు, ఒక్క ముక్క చెప్పలేదు! ఆ ముసలాయన మీద నాకు వేరే వీడియో ఉంది.)

సిరీస్ చేసిన అసలు తప్పేంటంటే, ఎల్ఫ్‌లు వాడిపోతున్నారు, మిత్రిల్ లేకపోతే చచ్చిపోతారు అని చూపించడం. అంటే ఏమైంది? కొనేవాడి మోజు కాస్తా ప్రాణావసరం అయిపోయింది. వాళ్లు అడిగితే మందు, డ్వార్ఫ్‌లు తవ్వితే దురాశ! కానీ ఒక్క విషయంలో సిరీస్‌కి చప్పట్లు కొడతా. 2024 సీజన్‌లో మూడో డ్యూరిన్ రాజు పిచ్చిపట్టినట్టు తవ్వించింది ఎప్పుడు? వేలికి ఉంగరం ఎక్కాక! మొదటి సీజన్‌లో తవ్వొద్దు, గని మూసేయండి అన్నది ఆ రాజే. వాళ్లకి తెలియకుండానే నా థియరీకి సాక్ష్యం తీసిపెట్టారు.

అందుకే అడుగుతున్నా, అత్యాశ అత్యాశ అని వీడియోలు తీసే పెద్దమనుషులారా, 1980లో ఆ రెండు సంఘటనలు ఒకే ఏడాది ఎందుకు జరిగాయో కామెంట్‌లో చెప్పండి. కాకతాళీయం అని రాస్తే చెల్లదు. ఫుట్‌నోట్ చదివి రండి, మూడో సంపుటం వెనక, చిన్న అక్షరాలు. చదివాక కూడా తప్పు డ్వార్ఫ్‌లదే అంటారా? అయితే మీ పేరు చదువుతూ, మీ కామెంట్ స్క్రీన్ మీద పెట్టి వచ్చే వీడియోలో వాదన పెట్టుకుందాం. బెల్ నొక్కండి, గొడవ ఇప్పుడే మొదలైంది!