గర్భిణి మానకూడని మాత్ర
(తిరుపతిలో ఫార్మసీ విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపల్ మేడం గారికి, అధ్యాపకులకు, అమ్మాయిలందరికీ నమస్కారం. హార్మోను జబ్బులకు వాడే మందుల గురించి మాట్లాడమన్నారు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, థైరాయిడ్ అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను.

ఇన్సులిన్ సంగతి మీరు చదివే ఉంటారు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు మొదటిసారి ఎక్కించారు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మే నెల తిరుపతి ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని తిరిగితే ఆ మందు పనికిరాదని కొనేవాళ్లకు చెప్పండి. ఇక స్టెరాయిడ్లు. ప్రెడ్నిసొలోన్ వారాల తరబడి మింగినవాళ్లు ఉన్నట్టుండి ఆపకూడదు. ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి అప్పటికే పని తగ్గించుకుని ఉంటుంది. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలని వచ్చిన మాట.

బస్టాండు దగ్గర మందుల షాపులో చాలా ఏళ్లు పనిచేశాను. ఒకరోజు కాళహస్తి వైపు నుంచి ఒక అత్తగారు కోడల్ని తీసుకుని వచ్చారు. ఆ పిల్లకు అప్పుడు మూడో నెల. చీటీలో థైరాయిడ్ మాత్ర, ఐరన్, క్యాల్షియం ఉన్నాయి. "బలం మాత్రలు ఇయ్యి నాయనా. ఆ థైరాయిడ్‌ది వొద్దు. కడుపుతో ఉండే బిడ్డకు హార్మోను మాత్ర ఏంది?" అన్నారామె. కోడలు తల వంచుకుని నిలబడింది. ఇంట్లో అప్పటికే మాన్పించేశారట.

అమ్మాయిలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు. మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను తల్లి నుంచే అందాలి. థైరోనార్మ్ అనండి, ఎల్ట్రాక్సిన్ అనండి, లోపలున్నది లీవోథైరాక్సిన్. మన థైరాయిడ్ గ్రంథి తయారుచేసేదీ అదే. దాన్ని ఆపడం కాదు, నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది, 25 నుంచి 30 శాతం దాకా. సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ హార్మోను చాలకపోతే అందులో అంకె పెరుగుతుంది.

ఇవన్నీ ఆ అత్తగారికి మామూలు మాటల్లో చెప్పాను. వెనక జనం గొణుగుతున్నారు, అయినా చెప్పాను. ఆమె విని ఏమన్నారో తెలుసా? "మాకు ఇంతవరకు ఎవురూ ఈ మాట చెప్పలేదే అబ్బా" అన్నారు. థైరాయిడ్ మాత్రల సీసా కొనుక్కుని వెళ్లారు.

నా బాధంతా ఆ ఒక్క మాట మీదే. ఆమె చెడ్డ అత్త కాదు. చీటీ రాసినవాళ్లు చెప్పలేదు, పరీక్ష చేసినవాళ్లు చెప్పలేదు, ముందు నెల మందులిచ్చిన షాపువాళ్లు చిల్లర లెక్కపెట్టి పంపించేశారు. పెళ్లిచూపుల్లో థైరాయిడ్ సంగతి దాచిపెట్టి, అత్తారింట్లో మాత్ర చాటుగా మింగే ఆడపిల్లలు ఎంతమందో! చాటుగా మింగే మందు సరిగ్గా పడుతుందా? ఇంట్లో అందరూ కాఫీ తాగుతుంటే ఈ పిల్ల ఒక్కతీ ఎందుకు ఆగిందని అడుగుతారని, దాంతోపాటే మింగేస్తుంది. కాఫీతో వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఐరన్, క్యాల్షియం నాలుగు గంటలు దాటాకే. గర్భిణికి మూడూ రాస్తారు, మూడూ ఒకే గుప్పిట్లో పోసుకుని మింగేస్తారు. మళ్లీ పరీక్షలో టీఎస్‌హెచ్ తగ్గలేదని కంగారు.

వెనక వరసలో కూర్చున్న అమ్మాయిలూ, మీరు కూడా వినండి. రేపు కౌంటరు దగ్గర నిలబడేది మీరే. గర్భిణి వస్తే పక్కన ఎవరున్నారో చూడండి. అత్తో, అమ్మో, మొగుడో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లతోనే చెప్పండి. కవరు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వేళలు రాసివ్వండి. ప్రిన్సిపల్ మేడం గారూ, ఈ పనిని పిల్లల శిక్షణలో చేర్చమని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇక ప్రశ్నలు అడగండమ్మా. ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే ముందు వాళ్ల సంగతే అడగండి.