దాచిన ఫిల్ము ఎవరి కోసం?

సభకు నమస్కారం.

తీసిన నిమిషాల్లోనే ఫోటోను చేతికిచ్చే పాత పోలరాయిడ్ కెమెరా చేతికి వచ్చినవాళ్లు ముందుగా దాని మడతలనూ తోలు తొడుగునూ చూసి మురిసిపోతారు. అందులో తప్పేమీ లేదు; 1972లో వచ్చిన ఎస్‌ఎక్స్-70 అంత అందమైన కెమెరాను నేను ఇంకొకటి చూడలేదు. అయినా ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఫిల్ము గురించి. డార్క్‌రూము చేసే పని, రసాయనాలు, ప్రింటు, ఎస్‌ఎక్స్-70 విషయంలోనైతే కెమెరాను నడిపే బ్యాటరీ సైతం ఆ ప్యాకులోనే ఉంటాయి కాబట్టి, ఫిల్ము ఆగిపోయిన రోజున కెమెరా ఎంత నిక్షేపంగా ఉన్నా అలమరలో కూర్చోవలసిందే.

1947లో పోలరాయిడ్ స్థాపకుడు ఎడ్విన్ ల్యాండ్ న్యూయార్క్‌లో ప్రదర్శించిన ఈ విద్య, 2008లో పోలరాయిడ్ సంస్థ ఫిల్ము తయారీ ఆపేస్తున్నామని ప్రకటించడంతో అంతరించిపోయేదే. నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే ఫ్యాక్టరీలో పనిచేసినవారూ అభిమానులూ కొందరు కలిసి అక్కడి యంత్రాలను దక్కించుకుని, పాత రసాయనాలు దొరకని చోట కొత్తవి కూర్చుకుంటూ, 2010లో మళ్లీ ఫిల్ము తెచ్చారు. ఒలిచే రకం ఫిల్ముకు, అంటే ఫోటో తీశాక ప్రింటునూ నెగటివునూ చేత్తో విడదీసే రకానికి, ఆ అదృష్టం అంతగా పట్టలేదు. ఆ రకం ఫిల్ములైన ఎఫ్‌పి-3000బి తయారీని ఫ్యూజీ సంస్థ 2013లోనూ, ఎఫ్‌పి-100సి తయారీని 2016లోనూ ఆపేస్తున్నట్టు చెప్పింది.

అప్పటి నుంచి, ఆ ప్యాకులు ఉన్నవాళ్లు వాటిని ఫ్రిజ్‌లో పెట్టి, ఏదో గొప్ప సందర్భం కోసం ఎదురుచూస్తున్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. ప్రతి ఫ్రేములోనూ చిన్న సంచిలో చిక్కటి రసాయనం ఉంటుంది. ఫోటో బయటికి వచ్చేటప్పుడు రెండు రోలర్లు ఆ సంచిని నొక్కి, రసాయనాన్ని పలుచగా, సమంగా పరుస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది, అంచుల దాకా పాకదు, ముఖం ఉండవలసిన చోట మరక మిగులుతుంది. ఫ్రిజ్ దీన్ని ఆలస్యం చేయగలదే తప్ప ఆపలేదు.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి పోలరాయిడ్ ఫిల్ముకు 13 నుంచి 28 డిగ్రీల మధ్య వేడి అనుకూలమని తయారీదారులే చెబుతారు. బెజవాడలో మే నెల తెల్లవారుజామున కూడా ఆ హద్దు దాటే రోజులుంటాయి. అప్పుడు బొమ్మకు పసుపో ఎరుపో ఛాయ వస్తుంది. కనుక డిసెంబరు, జనవరి ఉదయాలే మనకు అనువైనవి. ప్రకాశం బ్యారేజీ మీద మంచు విడే వేళ దీనికి నేను చూసినంతలో సాటి లేదు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక శీతాకాలపు ఉదయం టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ ఒకాయనకు ఫోటో తీసి ఇచ్చాను. వేళ్లకు కారం అంటి ఉండడంతో ఆయన తెల్ల అంచును కొసలతో మాత్రమే పట్టుకుని, వెలుతురు తగలకూడదని నేను చెప్పగానే చొక్కా జేబులో పెట్టుకుని, పైన అరచెయ్యి కప్పి నిలబడ్డారు. అంతసేపూ తోటివాళ్లు చుట్టూ మూగి, “వచ్చిందా బాబాయ్, వచ్చిందా?” అని అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రింటుకు నకలు లేదు, అది ఆయన దగ్గరే ఉంది. మిగిలిన ఫిల్మును ఇలాంటి మనుషుల మీద ఖర్చుపెట్టాలన్నదే నా కోరిక.

ఎఫ్‌పి-100సి ఉన్నవారికి ఇంకొక వెసులుబాటు ఉంది. ఒలిచిన ప్రింటు ఎదుటివారికి ఇచ్చేసి, అందరూ పారేసే నెగటివును ఉంచుకోండి. చేతులకు గ్లవ్స్ వేసుకుని, దాని వెనుకనున్న నల్లని పూతను బ్లీచుతో తొలగించి, కడిగి ఆరబెడితే, స్కాన్ చేసుకోవడానికి పనికివచ్చే నెగటివ్ మీ దగ్గర ఉంటుంది.