ప్యాకేజీల పక్కనే సొంత బిల్డ్

అందరికీ నమస్కారం. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ వాడేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే ఇది. రెడీమేడ్ ప్యాకేజీలుండే రిపాజిటరీలో ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్ (ఆడియో, వీడియో టూల్) పాతది, మనకి కావాల్సిన ఫీచరేమో కొత్త వెర్షన్‌లో వచ్చింది. సోర్స్ కోడ్ దించుకుని మనమే బిల్డ్ చేస్తాం. బిల్డ్‌ని సిద్ధం చేసే కన్ఫిగర్, ప్రోగ్రామ్ కట్టే మేక్, ఆఖరున దాన్ని సిస్టమ్‌లో పెట్టే సుడో మేక్ ఇన్‌స్టాల్. మొదటి రెండిటితో సిస్టమ్‌కి ఏమీ కాదు. జాగ్రత్త పడాల్సింది మూడోదాని దగ్గరే.

మేక్ ఇన్‌స్టాల్ ఫైళ్లని కాపీ చేసి ఊరుకుంటుంది. ఏది ఎక్కడ పెట్టిందో ప్యాకేజీల లెక్క రాసుకునే డీపీకేజీకి చెప్పదు. అందుకే ప్రిఫిక్స్‌గా, అంటే ఫైళ్లు పెట్టే చోటుగా, స్లాష్ యూఎస్ఆర్ ఇవ్వకండి. ప్యాకేజీ ఫైల్ మీద మన ఫైల్ పడుతుంది. డీపీకేజీ లెక్కల్లో మాత్రం పాతదే ఉంటుంది. తర్వాతి అప్‌డేట్‌లో అది మనదాన్ని చెప్పాపెట్టకుండా తుడిచేస్తుంది. యూఎస్ఆర్ లోకల్ ఉన్నది మన కోసమే. అక్కడ ఏ ప్యాకేజీ ఫైళ్లు పెట్టకూడదని డెబియన్ నియమం. ఆటోటూల్స్, సీమేక్, మేసన్ అనే బిల్డ్ టూల్స్ మూడూ ఏమీ చెప్పకపోతే అక్కడికే పంపుతాయి.

కొత్తది వచ్చింది కదా అని పాత ప్యాకేజీని తీసేయకండి. దాని మీద ఆధారపడినవి ఉంటాయి. మన బిల్డ్ ఉన్న సంగతే ప్యాకేజీలు వేసి, తీసే ఆప్ట్‌కి తెలీదు కాబట్టి వాటినీ తీసేస్తానంటుంది. రెండూ ఉండనివ్వండి. కమాండ్‌ని వెతికే చోట్ల జాబితా అయిన పాత్‌లో యూఎస్ఆర్ లోకల్ బిన్ ముందుంటుంది, మనదే నడుస్తుంది. ఇంకా పాతదే వస్తోందా? టెర్మినల్‌లో కమాండ్లు నడిపే బ్యాష్ పాత దారి గుర్తుపెట్టుకుని ఉంటుంది, హ్యాష్ మైనస్ ఆర్ కొట్టండి.

అసలు టెన్షన్ లైబ్రరీలతో. ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు తెచ్చే డెబియన్ లోడర్, మామూలు ఇంటెల్, ఏఎండీ 64-బిట్ పీసీల్లో యూఎస్ఆర్ లోకల్ లిబ్‌ని ముందుగా వెతుకుతుంది. లోడర్ చూసే జాబితాని తాజా చేసే సుడో ఎల్‌డీకాన్ఫిగ్ నడిపిన క్షణం నుంచి మన లైబ్రరీ అందరిదీ అయిపోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా స్టాటిక్‌గా, అంటే తన లైబ్రరీలు ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయేలా, బిల్డ్ అవుతుంది కాబట్టి గొడవ లేదు. లైబ్రరీలు విడిగా ఉండే షేర్డ్ ఆన్ చేశారనుకోండి, దాని లైబ్రరీ లిబ్‌ఏవీకోడెక్ మేజర్ వెర్షన్ నంబర్ ప్యాకేజీదానితో కలిసిందనుకోండి, ఆప్ట్ నుంచి వచ్చిన ఎంపీవీ వీడియో ప్లేయర్ కూడా మనదాన్నే ఎత్తుకుంటుంది. మన బిల్డ్‌లో ఏవీ1 ఫార్మాట్‌ని విప్పే డేవిడ్ (dav1d) డీకోడర్ కలపకపోతే, హార్డ్‌వేర్ సాయం లేని మెషీన్‌లో ఏవీ1 వీడియోలు ఆడవు. మనం ఎంపీవీని ముట్టుకోనే లేదు! ఇలాంటప్పుడు ఎల్‌డీడీ కమాండ్‌తో చూస్తే ఏ లైబ్రరీ ఎక్కడినుంచి వస్తోందో బయటపడుతుంది.

పైథాన్ అయితే ఇంకా సున్నితం. సోర్స్ నుంచి కడితే మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడండి. అది సిస్టమ్ వాడే పైథాన్3 అనే పేరు జోలికి పోదు. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో నేరుగా సిస్టమ్‌లోకి దించబోతే 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అడ్డుకుంటోంది. ఆ ఎర్రర్‌ని దాటే ఆప్షన్ నెట్‌లో అందరూ చెబుతారు, దాని పేరులోనే బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అని ఉంది. దాని బదులు వెన్వ్, అంటే సిస్టమ్‌కి అంటని విడి పైథాన్ ఫోల్డర్, చేసుకోండి.

తీసేయడం ఎలా? మేక్ అన్‌ఇన్‌స్టాల్ అన్నిట్లో ఉండదు. చెక్ఇన్‌స్టాల్ మన బిల్డ్‌ని డెబ్ ప్యాకేజీగా చేసి ఇస్తుంది గానీ డిపెండెన్సీలు తనంతట తాను కనిపెట్టదు, నాకు నచ్చదు. నేను చెప్పేది గ్నూ స్టో. యూఎస్ఆర్ లోకల్ స్టో కింద ప్రోగ్రామ్‌కో ఫోల్డర్ పెట్టి, దాన్నే ప్రిఫిక్స్‌గా ఇస్తాం. స్టో అక్కడినుంచి యూఎస్ఆర్ లోకల్‌లోకి సిమ్‌లింకులు, అంటే అసలు ఫైల్‌కి దారి చూపే లింకులు, వేస్తుంది. ఇంకో లాభం, మన బిల్డ్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరూ ఇవ్వరు కదా, ఆ ఫోల్డర్లు చూస్తే మనం కనిపెట్టుకోవాల్సినవి ఏవో తెలిసిపోతుంది. రెండేళ్లకి కొత్త రిలీజ్ వచ్చి, రిపాజిటరీ వెర్షన్ మనదాన్ని దాటిపోతే ఆ లింకులు తీసేసే స్టో మైనస్ క్యాపిటల్ డీ, ఎల్‌డీకాన్ఫిగ్, ఆ ఫోల్డర్ డిలీట్. ప్యాకేజీది అక్కడే ఉంది, మళ్లీ అదే నడుస్తుంది.