కామెర్లు జబ్బు పేరు కాదు

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలోనూ ఈ హాలు నిండా వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కామెర్లు వచ్చాయి. మా అవ్వ నన్ను పక్కూరికి తీసుకుపోయి మూడు పొద్దులు పరగడుపున పసరు తాగించింది. చప్పిడి కూడు పెట్టింది. నెల తిరక్కుండా కళ్లు తెల్లబడ్డాయి. ముప్పై ఏళ్ల తర్వాత మా మేనమామకు కళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు అక్కడికే తీసుకుపోయారు. అదే పసరు. డాక్టరునైన నాకు సంగతి తెలిసేసరికి ఆరు వారాలు గడిచిపోయాయి. మామ బతకలేదు. నాకు తగ్గిందే, మామకు ఎందుకు తగ్గలేదు? ఈ రోజు చెప్పాలనుకున్నది అదే.

మాంసం అంగట్లో కార్జం చూసే ఉంటారు. మనిషి కాలేయం కుడివైపు పక్కటెముకల కింద, కిలోన్నర దాకా తూగుతుంది. తిరుమలకు బండిలో పోయేవాళ్లను అలిపిరి దగ్గర తనిఖీ చేయకుండా వదలరు కదా! పేగుల్లోంచి రక్తంలోకి చేరే తిండి, మందు, మాత్ర, విషం కూడా ఒక పెద్ద సిర గుండా ముందు కాలేయానికే వస్తాయి. అక్కడ తనిఖీ అయ్యాకే గుండెకు. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దాని గుండా పారుతుంది. తనిఖీ ఒక్కటే కాదు దాని పని. చక్కెరను దాచిపెట్టి, మనం నిద్రపోయేటప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించే పదార్థాలను, రక్తంలో నీటిని నిలిపే అల్బుమిన్‌ను తయారు చేసేదీ అదే.

ఇక పచ్చదనం. ఎర్రకణం నాలుగు నెలలు బతికి చితికిపోతుంది. అందులోంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపేస్తుంది. మలానికి ఆ రంగు దానివల్లే. ఎర్రకణాలు మరీ ఎక్కువగా చితికినా, కాలేయమే వాచినా, పైత్యనాళానికి రాయో గడ్డో అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. కాబట్టి కామెర్లు జబ్బు పేరు కాదు, గుర్తు. మలం సున్నంలా తెల్లబడి ఒళ్లంతా దురద పెడితే నాళం మూసుకుందేమో చూడాలి. దాన్ని ఏ పసరూ తెరవలేదు, చేతిమీద పెట్టే వాతా తెరవలేదు.

హెపటైటిస్ అంటే కాలేయం వాపు. అది తెచ్చే వైరస్‌లకు ఏ, బి, సి అని పేర్లు. నాకొచ్చింది హెపటైటిస్ ఏ అయ్యుండాలి. చెడిన నీళ్లతో వస్తుంది, పిల్లల్లో దాదాపు ఎప్పుడూ దానంతటదే తగ్గుతుంది. తగ్గింది నా ఒంటి బలంతో, పేరొచ్చింది పసరుకు. మా అవ్వను నేను తప్పు పట్టను. ఆమెకు తెలిసిన వైద్యం, ఆమె ప్రేమ అంతే.

మామది హెపటైటిస్ బి. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంది. కాలేయం లోపల నొప్పి తెలిసే నరాలు లేవు. మచ్చల మీద మచ్చలు పడి గట్టిపడిపోయింది. సిర్రోసిస్ అంటే అదే. అలిపిరిలో దారి మూసేస్తే బండ్లన్నీ సందుల్లోకి దూరతాయి. రక్తమూ అంతే, అన్నవాహికలోని సన్నని సిరల్లోకి తోసుకుపోతుంది. అవి ఉబ్బి ఒకనాడు పగులుతాయి. మామ నెత్తురు వాంతి చేసుకున్నది అందుకే. తనిఖీ తప్పించుకున్న అమ్మోనియా అనే విషం మెదడుకు చేరింది. పగలు నిద్ర, రాత్రి మెలకువ. చివరికి సొంత కూతుర్నే పోల్చుకోలేదు.

మామ చుక్క ముట్టని మనిషి. అయినా ఊర్లో ‘తాగి తాగి పోయాడు’ అన్నారు. ఆ మాట మా అత్తను ఇప్పటికీ కోస్తుంది. సారాయి కాలేయాన్ని కాలుస్తుంది, నిజమే. కానీ షుగరు, పొట్ట ఉన్నవాళ్ల కాలేయంలోనూ కొవ్వు చేరి ఇదే దారిన పోవచ్చు. 80 కిలోల మనిషి ఆరేడు కిలోలు తగ్గితే ఆ కొవ్వూ, వాపూ బాగా దిగుతాయి.

హెపటైటిస్ బికి టీకా ఉంది, అణచిపెట్టే మాత్రలున్నాయి. సి అయితే సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో నయమే అవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.

మామ పోయాక ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాను. చిన్న కూతురికి పాజిటివ్ వచ్చింది. రోజుకో మాత్ర వేసుకుంటోంది. రెండేళ్ల కింద ఇక్కడే తిరుపతిలో కాన్పు అయింది. పన్నెండు గంటల్లోపే బిడ్డకు టీకా, దాంతోపాటు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల సూది వేయించాం. ఏడాది నిండాక పరీక్ష చేస్తే బిడ్డ రక్తంలో వైరస్ లేదు.